విప్పని బిళ్ళల మూట

స్లాబు పోసే రోజు ఇంటి యజమాని ఏం చూసుకోవాలని ఎవరైనా అడిగితే, కడ్డీ కింద గోరు దూరుతుందో లేదో చూసుకోమంటాను. నేను బడికి పోయింది రెండేళ్లే. ఈ సంగతి చేతులతో నేర్చుకున్నాను. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది.

హైటెక్ సిటీలో ఇప్పుడు మెరుస్తున్న అద్దాల ఆఫీసులు కట్టేటప్పుడు నేనూ మా ఆయనా అక్కడ కూలి చేశాం. నాది బిళ్ళలు పోసే పని. బిళ్ళంటే బిస్కెట్టంత సిమెంటు ముక్క. ఇంజనీర్లు కవర్ బ్లాక్ అంటారు. స్లాబు పోయాలంటే ముందు కర్రలు నిలబెట్టి వాటి మీద రేకులు పరుస్తారు. అది సెంట్రింగ్. రేకుల మీద ఇనుప కడ్డీలు జల్లెడలా అల్లుతారు. ఆ కడ్డీ రేకుకు తగలకూడదు. తగిలితే దాని కిందికి కాంక్రీటు పోదు. రేకులు విప్పాక కడ్డీ బయటపడుతుంది, తుప్పు పడుతుంది. తుప్పు పట్టి ఉబ్బిన కడ్డీ పైకప్పును పెచ్చులుగా ఊడదీస్తుంది. అందుకే కడ్డీ కింద బిళ్ళ.

పెచ్చు ఊడడం అంటే ఏమిటో మాకు తెలుసు. కొత్తగూడలో కిరాయికున్న గదిలో, నా బిడ్డ అన్నం తింటుంటే ఒక పెచ్చు వచ్చి పళ్ళెంలో పడింది. జానెడు ఇటు పడితే తల మీద పడేది. మా ఆయన ఆ పెచ్చును పళ్ళెంలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "మన ఇంట్ల గిట్ల కావద్దు" అన్నాడు. లింగంపల్లి అవతల అరవై గజాల జాగా అప్పటికే తీసుకున్నాం. ఇల్లు మొదలుపెట్టకముందే ఆయన పోయాడు.

పునాది తవ్వినప్పుడు, పిల్లర్లు లేచినప్పుడు, కిటికీల నెత్తిన లింటెల్ వేసినప్పుడు నాకు అంత దిగులు లేదు. అక్కడ తప్పు జరిగితే కంటికి కనబడుతుంది. స్లాబులో ఏముందో పోశాక ఎవరికీ కనబడదు. అందుకే అప్పటికి నేను చేరిన ఆఫీసులో ఊడ్చే పని అయ్యాక, వారం రోజులు సాయంత్రాలు కూర్చుని బిళ్ళలు నేనే పోశాను. తొట్టిలో నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి మేస్త్రీకి అప్పజెప్పాను.

"పెట్టిస్త అక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

కడ్డీలు అల్లిన రోజు నాకు సెలవు దొరకలేదు. మర్నాడు పొద్దున నేను పోయేసరికి కాంక్రీటు పోసే కూలీల గుంపు దిగి ఉంది. మా ఆడబిడ్డ, ఆమె పెనిమిటి కొబ్బరికాయ కొట్టడానికి వచ్చారు. ఆమె నా భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పింది.

"నువ్వు జర కిందనే ఉండు పిల్లా. సగం పడ్డంక ఎక్కుదువు."

ఆమె చెడ్డది కాదు. నాకూ భయమే. నా అడుగు ముందు పడితే ఇంటికి ఏమవుతుందోనని నేనే ఇసుక కుప్ప పక్కకు పోయి నిలబడ్డాను. పైన కాయ కొట్టిన చప్పుడైంది. కంకర, ఇసుక, సిమెంటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. ఆడకూలీలు తట్టలెత్తుకుని నిచ్చెన ఎక్కుతున్నారు.

అప్పుడు చూశాను. ఇసుక కుప్ప వెనక నా గోనెసంచి. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఆపుండ్రి!" అని అరిచాను. మిల్లర్ మోతలో ఎవరికి వినబడుతుంది? మా ఆడబిడ్డ కొంగు పట్టుకున్నాను. "వదినె, ఆపమని చెప్పు. బిళ్ళలు పెట్టలే."

"మొదలైనంక ఆపుతరా? నడిమిట్ల ఆపితే మంచిది కాదు. మేస్త్రీకి తెల్వదా?"

నిచ్చెన దగ్గరికి పోయాను. కాలు పెట్టాను, తీశాను. పైన ఒక్కో తట్టా దబ్బున పడుతోంది. నాలుగు పడ్డాయి. అయిదు. ఆరు. అన్నం పళ్ళెంలో పడిన పెచ్చు గుర్తొచ్చింది. మూట నెత్తినెత్తుకుని ఎక్కాను.

"ఏందక్కా, గిప్పుడా?" మేస్త్రీ ఎదురొచ్చాడు. "రాళ్ల ముక్కలు పెట్టినం గదా!"

"ఏడున్నయి? చూపియ్."

మనుషులు తొక్కి తిరిగేసరికి ముక్కలన్నీ జారిపోయాయి. వంగి కడ్డీ కింద వేలు పెట్టాను. గోరు కూడా దూరలేదు.

ఖాళీ తట్టతో నిలబడ్డ ఒక కూలామె నవ్వింది. "మేస్త్రీ, నీ ఇల్లయితే ముక్కలు పెడ్తువా, మూట విప్పుదువా?"

మేస్త్రీ మొహం మాడింది. కానీ గడ్డపార తెప్పించాడు. అతను కడ్డీలు లేపుతుంటే నేను మోకాళ్ల మీద పాకుతూ బిళ్ళలు తోశాను. కలిపిన మాలు గట్టిపడుతుందని కింది నుంచి ఒకటే కేకలు. నేను ఎక్కేసరికే తట్టలు పోసేసిన మూల సంగతి అడిగితే, "ఆడ కొక్కెంతో కడ్డీలు లేపినం అక్కా" అన్నాడు. లేపడం నేను చూడలేదు.

తర్వాత స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపాను. స్లాబు ఎండకుండా రోజూ అలా తడపడాన్ని క్యూరింగ్ అంటారు. మడి ఆరుతుందేమోనని పనిలో ఉన్నా మనసు అక్కడే ఉండేది. రేకులు విప్పిన రోజు తల పైకెత్తి కప్పు చూస్తూ ఇల్లంతా తిరిగాను. అంతా నున్నగా ఉంది, ఒక్క ఆ మూల తప్ప. అక్కడ మూడు కడ్డీలు, బక్కమనిషి పక్కటెముకల్లా.

"ప్లాస్టరింగ్‌ల కప్పుకపోతది అక్కా" అన్నాడు మేస్త్రీ.

కప్పుకుపోతే తుప్పు నాకెలా తెలుస్తుంది? ఇల్లంతా ప్లాస్టరింగ్ చేయించి ఆ మూల మాత్రం వదిలెయ్యమన్నాను. బిడ్డ మంచం అవతలి గదిలో వేయించాను. నా మంచం ఆ మూల కిందే.

వానాకాలం వచ్చింది. రోజూ స్టూలెక్కి ఆ మూడు కడ్డీలు వేలితో రుద్ది చూస్తున్నాను. ఇవాళ కూడా చూశాను. వేలికి ఎరుపు అంటలేదు. రేపు కూడా వానేనంటున్నారు.