డాక్టరుకు కావలి

ఆడపిల్లకు మూర్ఛ వచ్చేదని తెలిస్తే ఆ రోజుల్లో పెళ్ళి సంబంధాలు వాకిట్లోంచే వెనక్కి పోయేవి. నాకు చిన్నప్పుడు కొన్నేళ్ళు వచ్చి, ఆ తర్వాత మళ్ళీ రాలేదు. మా నాయన ఆ మాట కడుపులో దాచుకుని నన్ను రాయచోటిలో ఇచ్చాడు. దాచడం ఆయనకు చేతనైన విద్య కాదు. అదే మా ఖర్మ.

పెళ్ళైన మూడేళ్ళకు అత్తతో కడపకు వచ్చి బస్సు దిగుతున్నాను. కాలింకా మెట్టు మీదుండగానే కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది, నేను కింద పడ్డాను, కాలి ఎముక విరిగింది. అక్కడి డాక్టరు పిండికట్టు వేశాడు. మత్తిచ్చే ముందు, ఇదివరకు ఏమన్నా జబ్బులున్నాయా అని అడిగాడు. మా అత్త బయటుండటం చూసి మూర్ఛ సంగతి చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని దండం పెట్టాను. "నేనెందుకు చెప్తానమ్మా" అన్నాడాయన.

బస్సు యజమాని మీద నాయన దావా వేశాడు. డాక్టరుతో అన్న మాట నేను నాయనకు చెప్పాను, ఆయన మా వకీలుకు చెప్పాడు. మా వకీలు ఆయన్ని పక్కకు పిలిచి, "మూర్ఛ సంగతి అవతలి వకీలుకు తెలిసిందా, మూర్ఛొచ్చి పడింది, బస్సు తప్పేం లేదంటాడు. అతను డాక్టరు దగ్గరికి పోయి కూపీ లాగకుండా చూసుకోండి" అన్నాడు. డాక్టరుకు ఒక మాట చెప్పి రమ్మని వకీలు ఉద్దేశం. మా నాయనేమో శనక్కాయ చేలకు పందుల కావలి కాసిన మనిషి. మర్నాడు పొద్దున్నే దుప్పటి, దుడ్డుకర్ర, సద్దిమూట పట్టుకుపోయి డాక్టరు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

వచ్చిన ప్రతివాణ్ణీ "యాడ నుంచొచ్చినావు? ఏం పనప్పా?" అని నిలదీసేవాడు. బస్సువాళ్ళ మనిషేమోనని అనుమానం. రోగులు ఈయన్ని కాంపౌండరనుకుని దగ్గు, గజ్జి, విరేచనాలు అన్నీ వరండాలోనే విప్పి చెప్పుకునేవారు. మా ఆయన రాయచోటిలో అంగడి వదిలి రాలేక, కట్టు విప్పేదాకా నాకు తోడుగా అత్తను కడపలో ఉంచాడు. ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్ళం. అన్నాల దగ్గర నాయన ఊళ్ళో ఎవరికేం జబ్బో పూసగుచ్చినట్టు చెప్తుంటే అత్త చెవులప్పగించి వినేది. ఎక్కడ నా సంగతీ దొర్లుతుందోనని నేను మాట మార్చేదాన్ని.

"ఏమప్పా, నువ్వీడ కూర్చుంటే నాకు రోగులెట్ల వస్తారు?" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"వస్తానే ఉండారు గద సారూ, నేను చూస్తాండా" అన్నాడు నాయన.

ఒకరోజు అవతలి వకీలు నిజంగానే వచ్చాడు. మొలల బాధతో కూర్చోలేక, జట్కాలో ఒక పక్కకు ఒరిగి వచ్చాడు. నాయన కర్ర అడ్డం పెట్టాడు.

"నాకే ఒంట్లో బాగలేదు పెద్దాయనా!"

"కేసైపోయినాక బాగుచేయించుకో, పో."

వకీలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. చివరికి డాక్టరే బయటికొచ్చి రాజీ కుదిర్చాడు. నాయన కూడా లోపలికి రావచ్చు. అలా ఆ వకీలు పంచె విప్పి బోర్లా పడుకుంటే, మా నాయన తల దగ్గర నిలబడి, "నొప్పి సంగతి తప్ప ఇంకోటి మాట్లాడితే ఊరుకోను" అని హెచ్చరించాడు. ఆ పూట ఈ కథ వింటూ అత్తకు నవ్వి నవ్వి పొలమారింది. నేనూ నవ్వాను గానీ, నా సంగతి ఏ ఇంట్లో ఇలా నవ్వులపాలవుతుందోనని లోలోపల భయపడ్డాను. ఏమీ లేకుంటే ఇంత కావలెందుకని ఆ వకీలుకు బల్ల మీద పడుకున్నప్పుడే తోచి ఉంటుంది.

కట్టు విప్పాక మేం రాయచోటి వెళ్ళిపోయాం. నాయన మాత్రం కావలి వదల్లేదు. విచారణకు అత్తా నేనూ మళ్ళీ వచ్చేసరికి వరండాలో ఆయనకని ప్రత్యేకంగా ఒక కుర్చీ వేసి ఉంది.

కోర్టులో డాక్టరు బోనెక్కాడు. ఆ వకీలు మా నాయన వైపు చూడకుండా అడిగాడు: "ఈమెకు ఇంతకు ముందు ఏమన్నా జబ్బుండేదా?"

వైద్యం కోసం రోగి చెప్పుకున్న మాట బయటపెట్టనన్నాడు డాక్టరు. కోర్టులో అది కుదరదు, చెప్పాల్సిందేనన్నాడు జడ్జి. డాక్టరు నోరు తెరవబోయాడు. అంతే, వెనక బెంచీలోంచి నాయన లేచాడు.

"చెప్పకూడదు దొరా! ఎవురికీ చెప్పనని నా బిడ్డకు మాటిచ్చినాడు. చిన్నప్పుడు మూర్ఛొచ్చేదని అత్తగారింట్లో తెలిస్తే దాని బతుకేం గావల్ల?"

అత్త ఆయన పక్కనే కూర్చుని ఉంది.

కోర్టంతా ఘొల్లుమంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మూర్ఛ చిన్నతనంలోనే పోయిందని డాక్టరు చెప్పాడు, విజిల్ విన్నవాళ్ళు సాక్ష్యమిచ్చారు, కేసు చివరికి మాకే దక్కింది. ఆ రోజు నాకవేవీ పట్టలేదు.

అత్త నా రెక్క పట్టుకుని కోర్టు బయటికి తీసుకొచ్చింది. అక్కణ్ణుంచే పుట్టింటికి పొమ్మంటుందనుకున్నాను.

"పెండ్లైన కాడ్నుంచి నిన్ను ఒంటిగా బాయికి పంపిస్తాండా గదే," అంది. "నీళ్ళు తోడేటప్పుడు మూర్ఛొచ్చింటే నేనేం గావల్ల?"

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ మనిషికా అని నాకు ఏడుపు ఆగలేదు.