పెదవి కొరికిన సైగ

మా బాస్క్ కొండల్లోని ఉరోలా లోయలో సెబెరోను ఎరగనివాళ్ళు లేరు. కుర్చీలు చేసే వడ్రంగి, పేకాటలో ఆరితేరినవాడు, నోటి దురుసు మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళు మీదపడినా ఉలి పట్టిన చెయ్యి వణకదు. ఆ చెయ్యి చూసుకునే అంత మిడిసిపాటు. ఆ ఇంట్లో చేతులు నిలిచిన మగవాడు అతనొక్కడే మరి. తండ్రి వణుకుతూ వణుకుతూ పోయాడు. అన్న కాందిదో సూపు చెంచా నోటిదాకా తెచ్చుకోలేక చివరి రోజుల్లో ఏడ్చేవాడు.

మా లోయలో ఈ వణుకు రోగం కొన్ని ఇళ్ళను పట్టుకుని వదలదు. అది తెలిసి చాలా ఏళ్ళ కిందట దేశదేశాల డాక్టర్లు వచ్చారు. వేళ్ళు ఆడించమన్నారు, నడిపించి చూశారు, పెట్టెల కొద్దీ రక్తం పట్టుకెళ్ళారు. లోపం ఏ జన్యువులో ఉందో దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనుకు మా బాస్క్ భాషలోని వణుకు అనే మాటనే తీసి పేరు పెట్టారు. మా భాషలో లోకానికి పనికొచ్చిన మాట అదొక్కటే కాబోలు, ఏం గొప్ప! మందు మాత్రం ఇప్పటికీ రాలేదు.

రక్తం ఇచ్చినవాళ్ళు అడిగితే ఫలితం చెబుతామన్నారు. లోపం ఉన్నా కొందరిలో ముసలితనం దాకా, ఒక్కోసారి చచ్చేదాకా బయటపడదని కూడా చెప్పారు. సెబెరో ఆ రెండో మాట చెవిన పెట్టలేదు. కూతురు గర్బిన్యేకు అప్పుడే కొత్తగా పెళ్ళయింది.

"నాన్నా, నీ ఫలితం కనుక్కోవా? పిల్లల్ని కనాలా వద్దా అని నేనూ మా ఆయనా తేల్చుకోలేక చస్తున్నాం" అంది.

సెబెరో ఆపిల్ కల్లు నిండుగా పోసిన గ్లాసును చెయ్యి చాచి పట్టుకున్నాడు. "చూడు, చుక్క ఒలికిందా? నా దగ్గర లేని రోగం నీకెక్కణ్ణుంచి వస్తుందే పిచ్చిపిల్లా? పో, హాయిగా కను."

ఆ మాట నమ్మి ఇద్దర్ని కంది.

పేకాటలో ఆమే అతని జోడీ. మా ముస్ ఆటలో ఎదురెదురుగా కూర్చున్న జోడీలు మొహంతో సైగలు చేసుకోవచ్చు, అవతలివాళ్ళు పట్టేస్తే మాత్రం పని అయిపోయినట్టే. చేతిలో రాజులు పడితే కింది పెదవి కొరకాలి. ఆ విద్య కూతురికి సెబెరోయే నేర్పాడు. పందానికి సరే అనాలన్నా వద్దనాలన్నా నోరు అతనిదే.

"ఈ మధ్య మీ అమ్మాయి మొహంలో ఒక్క సైగా చిక్కడం లేదు బావా. ఏం మంత్రం వేశావో!" అన్నాడు అవతలి జోడీలోని బిత్తోర్, మొన్న శనివారం, ఊళ్ళోవాళ్ళు చేరి తిని పేకాడుకునే సొసైటీలో ముక్కలు పంచుతూ.

"మంత్రం కాదురా, బుర్ర. అది మీ వంశంలో లేదు" అని సెబెరో పొంగిపోయాడు.

కాసేపటికి బిత్తోర్ "ఓర్దాగో!" అని బల్ల చరిచాడు. ఉన్నదంతా ఒడ్డేశాడన్నమాట. సెబెరో చేతిలో అన్నీ చిల్లర ముక్కలే. కూతురి వైపు చూశాడు. ఏ సైగా లేదు. ఇంకాస్త ఆగి చూశాడు. లేదు.

"వద్దు" అన్నాడు.

చివరికి ముక్కలు తిప్పితే గర్బిన్యే చేతిలో మూడు రాజులున్నాయి.

"ఏంటి నాన్నా ఇది! పెదవి కొరికాను, మళ్ళీ కొరికాను. నువ్వెటు చూస్తున్నావసలు?"

అతను ఆమెనే చూస్తున్నాడు. కన్ను పక్కకు తిప్పలేదు. ఆ పెదవి కదల్లేదు. చేతులు వణకడం మొదలుకాక ముందు కాందిదో మొహం కూడా ఇలాగే బిగుసుకుపోయింది. పలకరించినవాళ్ళంతా కోపంగా ఉన్నాడేమో అనుకునేవాళ్ళు. అదే రోగం. తన రక్తంలోదే. తనను వదిలిపెట్టి బిడ్డను పట్టుకుంది. రేపు ఆ పిల్లల్ని పట్టుకోదని చెప్పేదెవరు? హాయిగా కనమన్న రోజే తన నోరు పడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"కళ్ళు ఆనడం లేదమ్మా" అన్నాడు.

"మరి చెప్పవేం? సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. ముసలోడివైపోయావు నాన్నా!"

గర్బిన్యే నవ్వింది. నవ్వు వినబడింది, అంతే. ఎంతసేపు చూసినా ఆ మొహం మీద అది కనబడలేదు.