కంటికి ఆనాలె

ఎవరూ ముట్టుకోని మౌస్ బాణం తెర మీద దానంతట అదే కదలడం మొదలుపెడితే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఈ ఉదయం ఆఫీసులో చేతులు కట్టుకుని కూర్చుని చూస్తున్నాను. బాణం జారుకుంటూ వెళ్లి ఒక బటన్ మీద ఆగింది, టిక్కుమని నొక్కింది, కొత్త పేజీ తెరుచుకుంది. నేను రోజూ చేయించే పనే ఇది. అయినా ఆ కదలికతో పాటు ఖమ్మంలో మందుల దుకాణం మీదున్న మా పాత ఆఫీసూ, షాహిదా మేడం గొంతూ గుర్తుకు రాకుండా ఉండవు.

మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డిగ్రీ పూర్తికాగానే నాకు మొదటి ఉద్యోగం ఖమ్మంలోని ఆ ఆఫీసులో దొరికింది. చిన్న ఆస్పత్రుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ. తయారైనదాన్ని ఆస్పత్రికి ఇచ్చేముందు పరీక్షించే బాధ్యత షాహిదా మేడంది. యాభై దాటిన మనిషి, నెమ్మదైన మాట. చేరిన రోజే నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "చెయ్యి తియ్యి బేటా, జర చూడు" అన్నారు. నేను చెయ్యి తీశాను. బాణం కదిలింది. రోగి పేరు దానంతట అదే టైపయింది, పేజీ సేవ్ అయింది.

"దీనికి కండ్లున్నయా మేడం?" అని అడిగాను.

ఆమె నవ్వారు. "కండ్లెక్కడివి? బటన్ ఎట్లుంటదో ఫోటో కత్తిరించి ఇస్త. గసుంటిది స్క్రీన్ మీద ఏడుందో వెతుక్కుంటది. దొరికితే నొక్కుతది, దొరక్కపోతే ఆగి నాకు చెప్తది."

ప్రోగ్రాం రాసే సురేష్‌కు వేరే పరీక్షలుండేవి. అవి సాఫ్ట్‌వేర్ లోపలికే వెళ్లి జవాబు తెచ్చుకునేవి, చిటికెలో అయిపోయేవి. మరి మనకీ బొమ్మలెందుకని అడిగితే మేడం తన తండ్రి సంగతి చెప్పారు. ఆయన బజార్లో గడియారాలు బాగుచేసేవాడట. "పని అయినంక బాబా మూత బిగించి, ఎదురుంగ గోడకు పెట్టి చూసేటోడు. కొనుక్కున్నోడు ముల్లు చూస్తడు గని లోపటి చక్రాలు చూడడు గద" అన్నారు.

ఆమె బల్ల మీద పాత చిన్న మానిటర్ ఒకటి ఉండేది. దాన్ని చూసి అందరూ నవ్వేవారు. భద్రాచలం దాటాక అడవి అంచున మా సాఫ్ట్‌వేర్ వాడే ఆస్పత్రి ఒకటుంది. అక్కడి మందుల కౌంటర్లో అలాంటి మానిటరే ఉందని, నాగమణి సిస్టర్ దాని ముందే కూర్చుంటుందని మేడంకు తెలుసు. ఒకరోజు పొద్దున ఆ మానిటర్ మీద, ఆ చుట్టుపక్కల ఉండేలాంటి పొడుగాటి పేర్లతో పరీక్ష నడిపించారు. బాణం మధ్యలో ఆగిపోయింది. ఎర్ర గుర్తు దొరకలేదని తెర మీద పడింది. రోగికి ఏదైనా మందు పడకపోతే హెచ్చరించే గుర్తు అది.

"డేటాల ఉంది మేడం. నా టెస్టులన్నీ పాసైనయ్. మీ బొమ్మల టెస్టే గడబిడ చేస్తుంది" అన్నాడు సురేష్.

మేడం వాదించలేదు. అతన్ని మానిటర్ దగ్గరికి పిలిచి, "ఏడుందో వేలు పెట్టి చూపియ్" అన్నారు. సురేష్ వంగి చూశాడు. చిన్న తెర మీద పొడుగు పేరు రెండో వరుసలోకి దిగి గుర్తును పూర్తిగా కప్పేసింది. అదే సాఫ్ట్‌వేర్ అప్పటికే ఆ ఆస్పత్రిలో నడుస్తోంది. ఆస్పత్రికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. అడవిలో సిగ్నల్ సంగతి మాకు తెలిసిందే. "కారు తియ్యి, జల్దీ" అన్నారు మేడం నాతో. దారి పొడుగునా సురేష్ వెనక సీట్లో ల్యాప్‌టాప్ మీద తప్పు సరిచేస్తూనే ఉన్నాడు.

మేము చేరేసరికి మధ్యాహ్నమైంది. తప్పు సరిచేయడం సరే, వార్డులో ఇప్పటికే ఉన్నవాళ్ల మాటేమిటి? మేడం కౌంటర్లోని కంప్యూటర్లో బాణాన్ని నడిపించే తన స్క్రిప్ట్ పెట్టారు. ఏదో ఒక మందు పడదని నమోదైన రోగుల పేజీలను బాణం ఒక్కొక్కటే తెరుస్తోంది, ఎర్ర గుర్తును వెతుకుతోంది, ముందుకు పోతోంది. వరుసలో ఉన్నవాళ్లు కిటికీ దగ్గర మూగారు. ఒక ముసలాయన కోయ భాషలో ఏదో అన్నాడు. నాగమణి సిస్టర్ మాకు చెప్పింది: "అడవిల జాడ పట్టుకొని పోయేటోని లెక్క పోతుందంటుండు."

అప్పుడే బాణం ఆగింది. గుర్తు దొరకలేదు. స్క్రిప్ట్ చూపిన పేరూ, ఆ రోగికి పడని మందూ చదివిన నాగమణి కుర్చీ తోసుకుని లేచింది. "ఈమె పొద్దున్నే వచ్చింది, కాలికి దెబ్బ. చిన్న సిస్టర్ గా సూదే పట్టుకొని ఇప్పుడే పోయింది!"

ఆమె పరుగెత్తింది. వెనకే షాహిదా మేడం, చెప్పులు వదిలేసి. నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి చిన్న సిస్టర్ దూదితో ఒక యువతి జబ్బ తుడుస్తోంది. ఒళ్లో పసిబిడ్డతో కూర్చున్న తల్లి ఆమె. "ఆగు! గా సూది వద్దు!" అని అరిచింది నాగమణి. చిన్న సిస్టరుకు కోయ భాష రాదు. నాగమణి అడిగితే ఆ తల్లి గొంతు మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది.

"పోయినసారి సూది వెయ్యంగనే గొంతు మూసుకపోయిందట మేడం. పానం పోయిందనుకుందట."

మేడం పక్క మంచం అంచున కూలబడ్డారు. పసిబిడ్డ చెయ్యి చాచి ఆమె చున్నీ కొస పట్టుకున్నాడు. విడిపించుకోకుండా అలాగే కూర్చుండిపోయారు. నేను మేడంనూ, ఆ బిడ్డనూ మార్చి మార్చి చూశాను. మా పనిలో ఇంత ఉందని అంతవరకు నాకెవరూ చెప్పలేదు.

సురేష్ ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "లోపలంతా సక్కగనే ఉండె మేడం..."

"ఉండె బేటా. లోపల ఉంటే సాలదు. సిస్టర్ కంటికి ఆనాలె."

అతను సరిచేసినదాన్ని ఎక్కించాక స్క్రిప్ట్ మళ్లీ మొదటినుంచి నడిచింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

షాహిదా మేడం పని మానేసి ఇప్పుడు కల్లూరులో చెల్లెలింట్లో ఉంటున్నారు. ఫోన్ చేస్తే కంప్యూటర్ల ఊసే ఎత్తరు. మా అమ్మ మోకాళ్లెట్లున్నయని అడుగుతారు. నేనిప్పుడు ఖమ్మంలోనే మరో కంపెనీలో పరీక్షల విభాగం చూస్తున్నాను. అన్నీ పాసయ్యాయని ఎవరైనా చెబితే, దీని ముందు కూర్చునే మనిషి పేరేమిటని అడుగుతాను. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. కొందరు కనుక్కుని వచ్చి చెబుతారు. ఆ పేరు తెలిశాకే నేను తెర వైపు తిరుగుతాను. కిటికీ అవతల జనం తొందరపెడుతుంటే ఆ మనిషి ఒక్క క్షణం తలెత్తి చూస్తుంది. ఆ ఒక్క చూపుకు కనబడాల్సింది కనబడుతోందా లేదా అన్నదే నా ఉద్యోగం.