ఎంగిలి ట్యాంకు

రామమూర్తి గారు కుంచెను నోట్లో పెట్టుకోవడం ఏ కాలంలో మొదలుపెట్టాడన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఉన్న చరిత్రకారులు ఇద్దరే. ఒకరు చిలకలూరిపేట హైస్కూల్లో సోషల్ చెప్పే రామమూర్తి గారు, రెండోవారు ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ. అది పెళ్ళికి ముందునుంచీ ఉన్న అలవాటనీ, కాబట్టి తెలిసే చేసుకుందనీ ఆయన వాదం. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి ఎవరూ చెప్పలేదనీ, కాబట్టి అది దగా అనీ ఆవిడ వాదం. ఈ వివాదంలో మూడోపక్షం జోక్యాన్ని ఇద్దరూ ఒప్పుకోలేదు.

పైకి చూస్తే విషయం చిన్నదే. కుంచెను కడిగి, పెదాల మధ్య పెట్టి, నాలుకతో ఒక్కసారి మెలితిప్పి తీస్తే వెంట్రుకలన్నీ ఒక్కటై సూదిమొన తేలుతుంది. ఆ మొనతో రామమూర్తి గారు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ యుద్ధట్యాంకులకు రంగులు వేసేవాడు. అయితే నోట్లో పెట్టిన కుంచె ఎంగిలి. ఎంగిలి కుంచె ముంచిన రంగు ఎంగిలి. ఆ రంగు పూసిన ట్యాంకు ఎంగిలి. జ్ఞానప్రసూనాంబ ఈ సిద్ధాంతాన్ని కాపురానికి వచ్చిన కొత్తల్లోనే స్థాపించి, వీధిగది గడపను సరిహద్దుగా ప్రకటించింది. యూరప్‌ను తొక్కేసిన ట్యాంకులు కూడా ఆ గడప దాటి వంటింటి వైపు ఒక్క అంగుళం కదలలేదు.

ఆయన అమరావతి దగ్గర ఒక పల్లెలో పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టాడు. మంత్రాలు నోటికి రావలసిన వయసులో యుద్ధాల తేదీలు నోటికి వచ్చాయి. తండ్రి కొంతకాలం బాధపడి, చివరికి బీఈడీకి ఒప్పుకున్నాడు. రామమూర్తి గారు సైకిలు తప్ప మరో వాహనం నడపలేదు. అసలు ట్యాంకును కంటితో చూడలేదు. ఒకసారి హైదరాబాదు నుమాయిష్‌లో మేనల్లుడు సాయిరాం కోసం బొమ్మ ట్యాంకు పెట్టె కొన్నాడు. పెట్టె తెరిస్తే లోపల ట్యాంకు లేదు, దాని ముక్కలున్నాయి. సాయిరాం బావురుమని బెలూను కొనిపించుకున్నాడు. ముక్కలు మేనమామకు మిగిలాయి. ఆయన జీవితం అక్కడ దారి తప్పిందని జ్ఞానప్రసూనాంబ అంటుంది.

అప్పటినుంచి మద్రాసు నుంచి పోస్టులో వీపీపీగా పెట్టెలు వచ్చేవి. బ్లేడుతో ముక్కలు కోసి, అంచులు గోళ్ళు అరగదీసే ఆకురాయితో సాపుచేసి, ఒక్కొక్కటే అంటించేవాడు. రంగులు మాత్రం హైవే మీద లారీలకు పెయింటు వేసే ఖాజావలి దగ్గర ఇంకు సీసాల్లో పట్టించుకొచ్చేవాడు. ఒక లారీ తలుపు రంగుతో మీకు జన్మంతా వెళ్ళిపోతుంది మేస్టారూ అని ఖాజావలి ప్రతిసారీ నవ్వేవాడు. రంగు ఆరాక ఆఖరి పని దుమ్ము. యుద్ధానికి వెళ్ళొచ్చిన ట్యాంకు తళతళలాడకూడదు కదా. పొలంగట్టు మట్టిని పాత పంచెగుడ్డలో జల్లించి మెత్తటి కుంచెతో అద్దేవాడు. దానివల్ల ఆఫ్రికా ఎడారిలో పోరాడినదైనా, రష్యా మంచులో కూరుకుపోయినదైనా, ఆయన ట్యాంకులన్నిటికీ చిలకలూరిపేట నల్లరేగడే అంటుకుని ఉండేది.

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో ఆ వీధిగదికి సుబ్బరావమ్మ వచ్చింది.

ఆవిడ వెనక వీధి మనిషి. భర్త పోయాక మిరప, పత్తి తనే నిలబడి చేయించుకుంటోంది. ఒక్కడే కొడుకు, బాలు. సైన్యంలో ట్యాంకు డ్రైవరు. ఆ ముందు చలికాలంలో ఢిల్లీలో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యమంతా సరిహద్దుకు కదిలింది. బాలుకు సెలవు రద్దయింది. మొదట్లో ఎస్టీడీ బూతుకు అప్పుడప్పుడు ఫోను వచ్చేది. ఉగాది తర్వాత అదీ ఆగిపోయింది. క్షేమమనీ, ఎక్కడున్నదీ రాయకూడదనీ కార్డుముక్కలు మాత్రం వచ్చేవి. యుద్ధం రేపో మాపో అని పేపర్లు రాస్తున్నాయి.

కల్లంలో మిరపకాయల పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు మంటెక్కి ఎర్రగా ఉన్నాయి. అరుగు కిందే నిలబడింది.

“మేస్టారూ, మీరు ట్యాంకులు చేస్తారంట గదా. మావోడు కూర్చునేది ఎక్కడో ఒక్కసారి చూపిస్తారా?”

రామమూర్తి గారు ఉత్సాహంగా ఒకటి తెచ్చి చూపించాడు. ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. ఇది మనదేనా అని అడిగింది. జర్మనీ వాళ్ళదని చెప్పాడు. ఇంకోటి తెచ్చాడు. అది ఇంగ్లీషు వాళ్ళది. గదిలో ఉన్న సైన్యమంతా ఎవరెవరిదో.

“మావోడిది కావాలండీ,” అంది. ట్యాంకును తిరిగిచ్చేస్తూ, “ఆరడుగుల మనిషి. అందులో కాళ్ళు చాపుకోటానికి వీలుంటదా?”

పాతికేళ్ళుగా ఏ ప్రశ్నకైనా ఏదో ఒక జవాబు చెప్పి నెగ్గుకొచ్చిన మేస్టారు, తెలియదమ్మా అన్నాడు.

ఆ వారమే మద్రాసుకు రాశాడు. బాలు నడిపే రకం ట్యాంకు పెట్టె ఆషాఢంలో వచ్చింది. దానిలో డ్రైవరు బొమ్మ కూడా ఉంది. నడుం వరకే మనిషి, మిరియపుగింజంత తల. సుబ్బరావమ్మ పొలం నుంచి వచ్చేటప్పుడు రోజూ అరుగు మీద కాసేపు కూర్చునేది. చక్రాలు అతుక్కున్నాయి, పెట్టెలాంటి కింది భాగం కుదిరింది. ముందుభాగంలో మధ్యన గుండ్రటి మూత చూపించి, మీవాడు ఇందులోంచి తల బయటపెడతాడమ్మా అని ఆయన చెప్పాడు. ఆ కంతలో ఆవిడ చిటికెనవేలు కూడా పట్టలేదు. పైన ఫిరంగి ఉండే బురుజు ముక్కను ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, తన మనసులోది అప్పుడు చెప్పింది. దసరాకు పురుగుమందు కొట్టే పంపు, పలుగు, పార, కొడవళ్ళు కడిగి పూజలో పెడుతుందట. ఈసారి ఈ ట్యాంకునూ పెడుతుందట. వాడి బండికి అక్కడ పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు ఉన్నారో లేదో.

వంటింట్లోంచి జ్ఞానప్రసూనాంబ మాట వినిపించింది. “పూజకు పనికిరాదు సుబ్బరావమ్మా. ఆయన వేసేవన్నీ ఎంగిలివే. కుంచె నోట్లో పెట్టుకోకుండా గీత గియ్యరు.”

ఆవిడ కఠినంగా అనలేదు. పాలు విరిగాయని చెప్పినట్టు, ఉన్న సంగతి చెప్పింది. సుబ్బరావమ్మ ఒళ్ళోని ముక్కను జాగ్రత్తగా అరుగు మీద పెట్టింది. పొద్దు పోయిందని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోనాడు రామమూర్తి గారే వెనక వీధికి వెళ్ళి, ట్యాంకుకు ఇంకా రంగు మొదలుపెట్టలేదనీ, ఈ ఒక్కదానికీ నోరు పెట్టననీ చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి భార్యకూ చెప్పాడు. ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసి, స్నానం చేసి మొదలుపెట్టమంది.

ఆ తర్వాత వచ్చిన వర్షాకాలాన్ని వర్ణించడం కష్టం. ఆయన నాలుకకు ఆయన మాట వినే అలవాటు లేదు. కుంచె కడగగానే చెయ్యి దానంతటదే నోటిదాకా వచ్చేది. జ్ఞానప్రసూనాంబ బియ్యం చేట తెచ్చుకుని గడప మీద కూర్చుని, ఒక కన్ను రాళ్ళమీదా ఒక కన్ను ఆయన మూతిమీదా ఉంచేది. నోరు ఖాళీగా ఉంటేనే కదా అని కరక్కాయ ముక్క దవడన పెట్టించింది. తడిగుడ్డ మీద మొన తీర్చుకోమంది. తడిగుడ్డ మీద తీరిన మొన చీపురుపుల్లలా ఉండేది. బురుజు మీద అంకెలు అలుక్కుపోయాయి. తుడిచి మళ్ళీ రాశాడు, మళ్ళీ అలుక్కుపోయాయి. చేతిపనిలో ఇంత వంకర ఆయన ఎన్నడూ ఎరగడు. సరిహద్దు ఎడారి ఇసుకరంగు కోసం నల్లరేగడి మానేసి, సూర్యలంక సముద్రపు ఇసుకను మెత్తగా నూరించి అద్దాడు. సుబ్బరావమ్మ మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వంకర అంకెలు చూసి బాగున్నాయంది.

దసరా రెండు రోజులుందనగా డ్రైవరు బొమ్మ ఒక్కటే మిగిలింది. ఒళ్ళు, టోపీ, మీసం అయ్యాయి. గుడిలో విగ్రహానికైనా కళ్ళు ఆఖరునే దిద్దుతారు. ఎడమ కన్ను ఎలాగో కుదిరింది. కుడి కన్నుకు మొన చాలలేదు. తడిగుడ్డ, మళ్ళీ తడిగుడ్డ. లోపల పాలు పొంగిన చప్పుడైంది. జ్ఞానప్రసూనాంబ చేట పక్కన పెట్టి పరుగెత్తింది.

కుడి కన్ను అద్భుతంగా వచ్చింది. నల్లచుక్క, ఆవగింజలో పదో వంతు. ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. అప్పుడు తెలిసింది, నాలుక మీద రంగు రుచి.

ఆవిడ తిరిగొచ్చి, కళ్ళు అయ్యాయా అని అడిగింది. అయ్యాయన్నాడు. బొమ్మను పరకాయించి చూసి, ఆయన పెళ్ళయ్యాక మొదటిసారి మడిగా చేసిన పని ఇదేనని మెచ్చుకుంది. చిన్న ఇత్తడి పళ్ళెంలో ట్యాంకును పెట్టి, తన చేత్తో గడప దాటించి, దేవుడి గదిలో ఉంచింది.

ఒక చుక్క. తుడిచేసి మళ్ళీ దిద్దొచ్చు. కానీ తుడిస్తే ముఖమే పోతుంది, మళ్ళీ వేసే వ్యవధి లేదు. చెప్పకుండా ఊరుకోవచ్చు. వచ్చే వారం సరిహద్దులో ఏదైనా అయితే? ఆయనకు ఇలాంటివాటిమీద నమ్మకం లేదు. సుబ్బరావమ్మకు ఉంది. నమ్మకం ఉన్నవాళ్ళ విషయంలో తన నమ్మకం లేకపోవడం ఎందుకూ అక్కరకు రాదని మేస్టారుకు ఆ పూట అర్థమైంది.

పూజనాడు పొద్దున్నే పళ్ళెం పట్టుకుని తనే వెళ్ళాడు. సుబ్బరావమ్మ వాకిట్లో పంపు, పార, కొడవళ్ళు వరసగా పేర్చి బొట్లు పెడుతోంది. ఆయన పళ్ళెం దించలేదు. నిలబడే చెప్పాడు.

“కుడి కన్ను ఎంగిలైందమ్మా. తెలియకుండా జరిగిపోయింది. పూజలో పెట్టాలో వద్దో నువ్వే చెప్పు.”

ఆవిడ ట్యాంకులోంచి తల బయటపెట్టిన బొమ్మను దగ్గరగా చూసింది. చూపు మీసం దగ్గర ఒకసారి ఆగింది.

“పళ్ళు రాకముందు వాడికి పప్పన్నం నా నోట్లో నమిలి పెట్టానండీ,” అంది. “ఎంగిలితోనే పెరిగాడు. మీదొక చుక్క ఎక్కువైతే ఏమవుద్ది? పెట్టండి, పెట్టండి. ఎండెక్కుతోంది.”

ఆయన చేతిలో పళ్ళెం అందుకుని పారకూ పంపుకూ మధ్యన దించింది. వేలితో పసుపు అద్దింది. ఆ వేలిముద్రకు వంకర అంకెలన్నీ మునిగిపోయాయి. కుంకుమబొట్టు బురుజు సగాన్ని కమ్మేసింది. నిమ్మకాయలు ట్యాంకు కంటే ఎత్తుగా ఉన్నాయని, పెరటి చెట్టునుంచి రెండు నిమ్మపిందెలు కోసుకొచ్చి చక్రాల కింద పెట్టి బొటనవేలితో నొక్కింది. పిందెలు చితికాయి. ఒక చక్రం ఊడింది. వర్షాకాలమంతా పడిన పాటు కళ్ళముందే అలా పోతుంటే రామమూర్తి గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొబ్బరినీళ్ళు చల్లినప్పుడు మాత్రం ఒకసారి కళ్ళు మూసుకున్నాడు.

దసరా మర్నాడు సాయంత్రం సరిహద్దునుంచి సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నట్టు వార్తల్లో చెప్పారు. ఉభయ దేశాల రాయబారులూ, అగ్రరాజ్యాలూ ఎంతో శ్రమపడ్డాయని పేపర్లు రాశాయి. వెనక వీధి అభిప్రాయం వేరు. ఎవరి పూజ వల్ల ఏమైందో వాళ్ళకు తెలుసు. జ్ఞానప్రసూనాంబ కూడా ఆ విషయంలో వెనక వీధితో ఏకీభవించింది. ఒక్క మాటకు మాత్రం ఆవిడ ఒప్పుకోదు. ఆ పూజ మహిమంతా మడి మహిమేనంటుంది. కుడి కన్ను సంగతి ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

కార్తీకం వెళ్ళాక బాలు సెలవు మీద వచ్చాడు. రామమూర్తి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని చూడటానికి వెళ్ళాడు. కుర్రాడు ఎండకు కమిలి, నిజంగానే ఆరడుగులున్నాడు. దేవుడి గూట్లో ట్యాంకు, ఎండిన కుంకుమతో. కాళ్ళు చాపుకోవడం కుదరదనీ, ముడుచుకునే కూర్చోవాలనీ తల్లికి అప్పటికే చెప్పాడట. ఆవిడ మజ్జిగకు లోపలికి వెళ్ళింది.

మేస్టారు గొంతు సవరించుకుని, చరిత్ర కోసం అడుగుతున్నానన్నాడు. మీ ట్యాంకు సరిహద్దుకు ఎంత దగ్గర్లో నిలబడింది నాయనా, ముందు వరసలోనేనా అని అడిగాడు.

బాలు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“మా బండి ఉగాదినుంచీ షెడ్డులోనే ఉంది మేస్టారూ. గేర్‌బాక్సు పాడైంది. కొత్తది ఇంకా రాలేదు.”