ఉప్పు దులపని సైనికుడు

దయ్యం కథలు చెప్పే పిల్లల్ని క్లాసులో నిలబెట్టే సైన్సు టీచర్ని నేను. మా దీవిలోని ఆస్టినాబాద్ మలుపులో తెల్లచీర కనబడిందని ఎవరైనా అంటే, "ఆ చీర అంచు ఏ రంగు?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం డెలానీపూర్‌లోని మా ఇంట్లో, మిట్టమధ్యాహ్నం, నా చేతుల్లోనే జరిగింది. నన్ను కూడా ఎవరైనా అంచు రంగు అడుగుతారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

మా అన్నయ్య సుధాకర్ చెన్నైలో డిప్లొమా చదివే రోజుల్లో ఒక ఆట నేర్చుకుని వచ్చాడు. భోజనాల బల్ల మీద పుస్తకాలు పేర్చి పైన దుప్పటి కప్పితే అవే కొండలు. వాటి మీద బొటనవేలంత లోహపు బొమ్మలు, కవచాలు తొడిగిన సైనికులు, కొమ్ముల రాక్షసులు. పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి సైన్యాలను నడపాలి. ఆట కన్నా బొమ్మలకు రంగులు వేయడమే అన్నయ్యకు ఇష్టం. తళతళలాడే బొమ్మ అంటే అస్సలు పడదు. "ఇది షాదీకి పోతున్నట్టుంది, లడాయికి కాదు" అనేవాడు.

ముందు నల్లటి పూత. దాని మీద తుప్పు రంగు. అది ఆరాక కాస్త తడిపి, అక్కడక్కడ ఉప్పు పలుకులు అంటించి, అన్నింటి మీదా వెండి రంగు వేసేవాడు. బాగా ఎండాక బ్రష్‌తో ఉప్పు దులిపితే, ఉప్పు రాలిన చోటల్లా కింది తుప్పు బయటపడేది. ఎన్నో వానల్లో తడిసిన కవచంలా కనిపించేది. షాపు ఉప్పు పలుకులన్నీ ఒకే సైజులో ఉంటాయని, చాతం జెట్టీ దగ్గర సీసాతో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి పళ్లెంలో ఎండబెట్టేవాడు.

ఆఖరున బురద. నాన్న చాతం రంపపు మిల్లులో పనిచేసేవారు. ఆయన తెచ్చే ఎర్రటి పడాక్ చెక్క పొట్టును గోధుమ రంగులో కలిపి బొమ్మ చీలమండల దాకా పూసేవాడు అన్నయ్య. అది కూడా ఆ బొమ్మ మొదటి యుద్ధం ఆడి వచ్చాకే. యుద్ధం చూడనివాడి కాళ్లకు బురద పూయడం అబద్ధమని తన నియమం.

నాన్న పోయిన ఏడాదికి అన్నయ్యకు కార్ నికోబార్ దీవిలో జూనియర్ ఇంజినీరు ఉద్యోగం వచ్చింది. ఆఖరిసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక సైనికుడిని ఉప్పు దాకా తెచ్చాడు. వెండి రంగు ఆరేలోపు ఓడ టైమైపోయింది.

"అరే బుజ్జీ, ఉప్పు ముట్టుకోకు. క్రిస్మస్‌కొచ్చి నేనే దులుపుతా. జల్దీ ఏముంది?" అన్నాడు గేటు దగ్గర నిలబడి.

క్రిస్మస్‌కు అన్నయ్యకు ఓడ టికెట్ దొరకలేదు. పండగ మర్నాడు పొద్దున్నే భూమి కంపించింది. తర్వాత సముద్రం వచ్చింది. అన్నయ్య క్వార్టర్స్ ఉన్న చోట సిమెంటు గచ్చు మాత్రమే మిగిలిందని చూసొచ్చినవాళ్లు చెప్పారు. అన్నయ్య దొరకలేదు.

బాధితులను తీసుకొచ్చిన ప్రతి ఓడకూ అమ్మ ఫొటో పట్టుకుని ఎదురెళ్లింది. క్యాంపులు ఎత్తేశాక కూడా, నికోబార్ ఓడ వచ్చే రోజు జెట్టీకి వెళ్లడం మానలేదు. మా తెలుగు చర్చి పాస్టరుగారు అన్నయ్య పేరిట జ్ఞాపకార్థ ప్రార్థన కూటం పెడదామన్నారు. "మొహమైనా సూడకుండా బిడ్డను సంపీమంటారేటి, అయ్యగారూ?" అని అమ్మ లేచి వచ్చేసింది. పైకి అమ్మను కసురుకునేదాన్ని కానీ, లోపల నేనూ ఎదురుచూసేదాన్నే. గేటు గడియ చప్పుడైతే చాలు, పొయ్యి మీద పులుసు మాడుతున్నా పరుగెత్తేదాన్ని. అన్నయ్య మీద అంత బెంగగా ఉండేది.

అమ్మ ఆ బొమ్మను రోజూ తీసి చూసుకునేది. ఉప్పు రాలిపోతుందేమోనని నాకు భయం. టీచరుగా చేరిన ఏడాది దాన్ని ఒక బిస్కెట్ డబ్బాలో కొవ్వొత్తి మైనంతో నిలబెట్టి, మూత చుట్టూ టేపు వేసి, పరీక్ష పేపర్ల కట్ట మీద చేసినట్టు టేపు మీద అడ్డంగా సంతకం చేశాను. డబ్బా నా బీరువాలో, తాళంచెవి నా మెడలో.

అన్నయ్య సగంలో వదిలేసిన మిగతా సైన్యానికి రంగులు వేయడం నేనే మొదలుపెట్టాను. ఉప్పు దులపబోతే రంగంతా ఊడొచ్చేది. మిల్లు పొట్టు ఇంట్లో ఎక్కడిది? నా బురదకు టీ పొడి వాడేదాన్ని. డబ్బాలోని వాణ్ణి మాత్రం ముట్టలేదు.

సునామీ వచ్చి ఆరేళ్లయ్యాక, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ ఆ బొమ్మను ఒకసారి చూస్తానంది. డబ్బా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. టేపూ, సంతకమూ చెక్కుచెదరలేదు. కత్తెరతో నేనే కోశాను.

ఉప్పు లేదు. డబ్బా అడుగున రాలిన పలుకు ఒక్కటైనా లేదు. కవచమంతా తుప్పు మచ్చలు, నాకెన్నడూ చేతకానంత చక్కగా. బురద కూడా ఉంది. అది చీలమండల దాకా కాదు, గుండెల దాకా ఉంది. వేలు పెట్టి చూశాను. తడిగా ఉంది. వేలికి అంటిన రంగులో ఎర్రటి పొట్టు.

అమ్మ ఏడవలేదు. బొమ్మను అరచేతిలో పెట్టుకుని, బురద ఆగిన గీత మీద గోరు ఆనించింది.

"ఇంత లోతులో నిలబడ్డాడేటే, నా బిడ్డ?" అంది. బొమ్మను బల్ల మీద నిలబెట్టి, "పాస్టరుగారికి ఫోన్ సెయ్యే" అంది.

మరుసటి ఆదివారం కూటం జరిగింది. అమ్మ నిలబడి పాట పాడింది. ఆ తర్వాత జెట్టీకి వెళ్లలేదు.

అమ్మ చేసిందనుకోవడానికి లేదు, శుక్లాలతో సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయేది. నేనే నిద్రలో చేశాననుకున్నా, ఆ పొట్టు ఎక్కడిది? స్కూల్లో మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. చెక్క పొట్టే. అంతకు మించి అదేమీ చెప్పలేదు.

బురద రెండు రోజుల్లో ఆరిపోయింది. తర్వాత ఎన్నిసార్లు వేలు పెట్టి చూశానో లెక్క లేదు.

సిగ్గు విడిచి ఇంకొక మాట చెప్తాను. ఆ ఏడాదే ఇంకో సైనికుడిని ఉప్పు దాకా చేసి, అదే డబ్బాలో పెట్టి, టేపు వేసి, సంతకం చేశాను. ఏటా క్రిస్మస్ మర్నాడు తెరుస్తాను. అమ్మ పోయాక కూడా తెరుస్తూనే ఉన్నాను. ఉప్పు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. మొదటిదాన్ని ఎవరు దులిపారో, ఎలా దులిపారో ఈ రోజుకీ నాకు తెలియదు. కొత్త టేపు వేసి, సంతకం చేసి, డబ్బాను మళ్లీ బీరువాలో పెడతాను. జల్దీ ఏముంది?