మా మేడమ్ కుర్చీలో ఒక పూట

ఆ రోజుల్లో మా ఆడపిల్లల కాలేజీకి చదువుల కళ ఏడాదికి ఒక్క రోజే వచ్చేది, అది ఇన్‌స్పెక్షన్ రోజు. బాచుపల్లిలో కింద సూపర్ మార్కెట్, పైన మూడంతస్తుల్లో మేము. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాదిలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. కాలేజీ కరపత్రంలో పద్నాలుగు మంది అధ్యాపకులు, ఒక పచ్చిక బయలు ఉండేవి. ఆ పచ్చిక బయలునూ, ఆ అధ్యాపకుల్లో పదిమందినీ మేము ఎన్నడూ చూడలేదు. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం అన్నీ దిగేవి. యాజమాన్యం వారి ఇంకో కాలేజీ నుంచి వ్యాన్‌లో బ్యూరెట్లు, పుస్తకాలు, ఆఖరికి ఒక అస్థిపంజరం కూడా వచ్చింది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో దానికేం పనో ఎవరూ అడగలేదు, అదీ ఏమీ చెప్పలేదు.

మాకు నిజంగా పాఠం చెప్పిన మనిషి ఒక్కరే. అర్థం కాలేదంటే విసుక్కోకుండా "మళ్ళ చెప్త, ఇనుండ్రి" అనేవారు కనుక మేము ఆవిడకి పెట్టుకున్న పేరు మళ్ళీ మేడమ్. లింగంపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఏడో నెలలో ప్రసూతి సెలవు అడిగితే కరస్పాండెంట్ గారు "మీకు విశ్రాంతి ముఖ్యమండి" అని ఎంతో దయతో ఉద్యోగంలోంచే తీసేశారు. జాబితాలోంచి పేరు మాత్రం తీయలేదు. చేరినప్పుడు ఆఫీసులో పెట్టించుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లూ తిరిగివ్వలేదు. ఇన్‌స్పెక్షన్‌కి మనిషి లేకపోయినా ఫరవాలేదు గానీ ఫైలు ఉండాలి కదా! బాబు పుట్టాక ఆవిడకి ప్రభుత్వ గురుకులంలో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం ఉదయం ఒరిజినల్స్ చూపించాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. పాపం, పచ్చి బాలింత, చెప్పులరిగేలా తిరిగారు. వాచ్‌మన్ గేటు దాటనిచ్చేవాడు కాదు. ఈ సంగతి మా పదకొండు మందికీ తెలుసు. (తెలుసని ఇక్కడే రాసేస్తున్నాను, తర్వాత తప్పించుకునే వీల్లేకుండా.)

ఇన్‌స్పెక్షన్ గురువారం పడింది. ముందురోజు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి ఎగాదిగా చూసి, "నువ్వు కాస్త పొడుగ్గా ఉంటావు, చీర నప్పుతుంది. రేపు ఆవిడ కుర్చీలో నువ్వు కూర్చో" అన్నారు. "నేనా మేడమ్?" అన్నాను. "కోర్సుకి గుర్తింపు పోతే మీ అందరి డిగ్రీలూ గాల్లో కలుస్తాయమ్మా, ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకోవడానికి ఇచ్చిన గడువు ప్రిన్సిపాల్ గారి కప్పులో టీ అయిపోయేంతవరకు. మర్నాడు కూకట్‌పల్లిలో మా ఇంట్లో అమ్మ తన పట్టుచీర కట్టి, పక్కింటి పిన్నిగారిని పిలిచి "మా అమ్మాయి లెక్చరర్‌లా లేదండీ?" అని మురిసిపోయింది. (అమ్మకి నిజం చెప్పాను. చెప్పాకే మురిసిపోయింది.)

స్టాఫ్ రూమ్‌లో ఆవిడ కుర్చీ, దాని ముందు ఆవిడ పేరున్న చెక్క పలక, బల్ల మీద ఆవిడ ఫైలు. మా క్లాసు పిల్లలు వరసగా వచ్చి "గుడ్ మార్నింగ్ మేడమ్" అని నవ్వాపుకుంటూ పోయేవారు. మొదటి అరగంట సిగ్గేసింది. రెండో అరగంటకి వెనక్కి వాలి కూర్చున్నాను. పదకొండింటికల్లా ఆయమ్మను పిలిచి, టీలో చక్కెర తక్కువైందని చెప్పాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఏంది బిడ్డా, నిజంగనే మేడమ్ అయిపోయినవా ఏంది?" అంది. నేను జవాబివ్వలేదు. మేడమ్‌లు ఆయమ్మలకి జవాబివ్వరని అప్పటికే నాకు తెలిసిపోయింది.

కమిటీ వారు ఇద్దరు. పెద్దాయన ఫైలు తిరగేశారు. సర్టిఫికెట్ మీద ఫొటో ఎంత పాతబడిందంటే అందులో ఉన్నది మనిషని మాత్రం తెలుస్తోంది. "తొమ్మిదేళ్ళ అనుభవమా? చాలా చిన్నగా కనిపిస్తున్నారే!" అన్నారు. (ఆ లెక్కన నేను ఎనిమిదో తరగతిలో ఉండగానే ఎమ్మెస్సీకి పాఠాలు మొదలుపెట్టాను.) ప్రిన్సిపాల్ తడుముకోకుండా "యోగా చేస్తారు సార్" అన్నారు. రెండో ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని, "నడుం నొప్పికి ఏ ఆసనం మంచిదమ్మా?" అని అడిగారు. నోటికొచ్చిందేదో చెప్పాను, రాసుకున్నారు. కెమిస్ట్రీ గురించి మాత్రం ఒక్క ప్రశ్నా లేదు. పెద్దాయన టిక్కు పెట్టుకుని ఫైలు నా చేతికి తిరిగిచ్చారు.

అప్పుడు తలుపు దగ్గర మళ్ళీ మేడమ్ కనిపించారు, చంకలో బాబు. కమిటీ కోసం గేటు బార్లా తెరిచారు, వాచ్‌మన్ పూలదండలు పట్టుకుని పై అంతస్తులో ఉన్నాడు. ఆవిడ నన్ను చూశారు, పలక మీద తన పేరు చూశారు. ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. "ఎవరమ్మా మీరు?" అన్నారు పెద్దాయన. ఆవిడ ఒక్క నిజం చెబితే చాలు, కాలేజీతో పాటు మా చదువులూ మూతపడేవి. కిటికీ దగ్గర బిక్కచచ్చిపోయి నిలబడ్డ మా వాళ్ళ వైపు ఒకసారి చూసి, "ఇక్కడ్నే చదువుకున్న సార్. మేడమ్‌ను కలుద్దామని వచ్చిన" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మేడమ్, నా సర్టిఫికెట్లు మీ దగ్గరనే ఉండిపోయినయి. రేపు పొద్దున చూపియ్యాలె. జర ఇస్తరా?"

ఫైలు నా చేతిలోనే ఉంది. కమిటీ చూడటం అయిపోయింది. పెద్దాయన కూడా "పసిబిడ్డతో వచ్చింది పాపం, ఇచ్చెయ్యండమ్మా" అన్నారు. ఆయన ముందు ప్రిన్సిపాల్ నోరెత్తి కాదనలేరు. ఆవిడ ఎంత తెలివిగా దారి చూపించారో నాకు అక్కడికక్కడే అర్థమైంది. నేను చెయ్యి చాపితే సరిపోయేది. ప్రిన్సిపాల్ కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపారు. నేను కుర్చీలోంచి లేవనైనా లేవకుండా, "ఇవాళ కుదరదమ్మా, రేపు రా. ఆఫీసులో చూద్దాం" అన్నాను.

"సరే మేడమ్" అని ఆవిడ వెళ్ళిపోయారు.

కోర్సుకి గుర్తింపు నిలిచింది, అందరికీ లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను. ఆవిడ సర్టిఫికెట్లు పది రోజుల తర్వాత ఇచ్చారు. అప్పటికి గురుకులం ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారు.

ఏడాది తర్వాత, నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో (కెమిస్ట్రీతో దానికి ఏ సంబంధమూ లేదు), లింగంపల్లి స్టేషన్‌లో ఆవిడ ఎదురుపడ్డారు. బాబు నడుస్తున్నాడు. "భయమేసింది మేడమ్, ప్రిన్సిపాల్ వద్దని తల ఊపారు..." అని మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం విన్నారు. "భయపడ్డవ్, సరే. ఆమె తల ఊపింది, అదీ సరే. మరి 'రేపు రా' అనుమని నీకు ఎవరు చెప్పిన్రు?" అన్నారు. కోపంగా అనలేదు. క్లాసులో తప్పు చూపించినంత మామూలుగా అన్నారు. రైలొచ్చింది. బాబును ఎత్తుకుని ఆడవాళ్ళ పెట్టె ఎక్కారు.

పట్టుచీరలో ఠీవిగా కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, దాని చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. ఆఫీసులో టీ తాగేటప్పుడు ఈ ఇన్‌స్పెక్షన్ ముచ్చట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మేడమ్ తలుపు దగ్గరికి రాకముందే ఆపేస్తాను కనుక నవ్వుతారు. చివరిదాకా చెప్పడం ఇదే మొదటిసారి.