మోట కొట్టిన బంతి సాబ్

మా వంశంలో ఎవరూ పరుగెత్తి ఎరుగరు. కూర్చుని తూకం వేయడమే మా పని. అందుకే కాబోలు బంతి సాబ్ నన్ను చూడగానే గోలు ముందు నిలబెట్టాడు.

ఆయనది స్పెయిన్ దేశం. అక్కడ పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడట. మోకాలు చెడ్డాక జట్లకు ఆట నేర్పే పనిలో పడ్డాడు. వాళ్ల దేశంలో లడాయి వచ్చి ఇంటివాళ్లంతా పోయాక, బొంబాయి మీదుగా నారాయణఖేడ్ చేరి దవాఖానలో పనికి కుదిరాడు. సాయంత్రాలు మాకు ఆట నేర్పేవాడు, అందుకే మాకు బంతి సాబ్ అయ్యాడు.

మాలో నిజమైన ఆటగాడు ఒక్కడే, ఊరి పటేల్ పొలంలో వెట్టి చేసే పోరడు. ఆడటానికి వచ్చే బీదర్ జట్టు, నచ్చినవాణ్ని తీసుకుపోయి కొలువిస్తుందని తెలిసింది. వాడికి వెట్టి తప్పే దారి అదొక్కటే. సరిగ్గా ఆ ఆట రోజే పటేల్ వాణ్ని ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట కొట్టమన్నాడు.

బేరానికి నేను బయలుదేరాను. సాబ్ వెంట వచ్చాడు. కొనదలచిన సరుకును ముందు తీసిపారేసి మాట్లాడాలన్నది మా దుకాణంలో ఉగ్గుతో పోసిన విద్య.

"పటేలా, గా పోరడు ఉత్త మొద్దు. మోట కాడ ఉన్నా లేకున్నా నీకొక్కటే. ఒక్క రోజు ఇడువరాదు?"

పటేల్ తమలపాకు నములుతూ నవ్వాడు. "గంత మొద్దు నీకెందుకు సేటూ? సరే, తీస్కపో. వాని కన్న మంచోన్ని తెచ్చి నిలవెట్టు."

మిగిలినవాళ్లమంతా ఆడాలి. మోట దగ్గరికి పంపేందుకు ఎవరూ మిగల్లేదు.

"నేను కొడుత," అన్నాడు సాబ్.

"సాబ్, నీ మోకాలు..."

"చుప్. బేరం అయింది."

మేము ఓడిపోయాం. నా చేతుల్లో ఒక్క బంతీ నిలవలేదు. అయినా వాడు కొట్టిన గోలు చూసి బీదర్ వాళ్లు అటునుంచి అటే తీసుకుపోయారు.

బావి దగ్గరికి పోతే సాబ్ వాలు మీద కూలబడి ఉన్నాడు. ఎద్దుల వెంట ఎక్కి దిగి మోకాలు కుండలా వాచింది.

"పోయిండా?"

"పోయిండు."

"ఏ కాలితో కొట్టిండు?"

"ఎడమ."

వానాకాలమంతా ఆయన వాడికి నేర్పింది అదే. వింటూనే సాబ్ హాయిగా కళ్లు మూసుకున్నాడు.

సాబ్ కాలు మళ్లీ నేలకు ఆనలేదు. చీము పట్టి, దవాఖానలో తీసేశారు. కోసినచోట పుండు మానలేదు.

వాడు బీదర్ పోయినా వెట్టి ఆ ఇంట్లోనే ఉంది. మోట దగ్గర ఇప్పుడు వాడి తమ్ముడు నిలబడ్డాడు. చెబితే సాబ్ జ్వరంలోనే, "తమ్మునిది ఏ కాలు?" అన్నాడు.

"సూడలే సాబ్."

"సూడు."

కుడి అని చెబుదామని దవాఖానకు వెళ్లేసరికి సాబ్ మంచం మీద పరుపు చుట్టి ఉంది.